దూరమా? వెలుతురా?

2018 జులైలో నికాన్ కంపెనీ కూల్‌పిక్స్ పీ1000 అనే కెమెరాను ప్రకటించింది. ఆగస్టు నెలాఖరులో అదే కంపెనీ డీ3500 తెచ్చింది. మొదటిది కంపెనీ జాబితాలో కాంపాక్ట్ కెమెరా, దూరాన్ని దగ్గరికి లాగే సూపర్‌జూమ్ రకం. రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్. పేర్లు చూసి ఏది చిన్నదో, ఏది చవకో ఊహించబోతే బోల్తా పడతాం. కాంపాక్ట్ అన్నదాని బరువు 1,415 గ్రాములు. డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ బరువు 365 గ్రాములే, బ్యాటరీ వేసి దాంతో వచ్చే 18-55 లెన్స్ తగిలించినా ఆరు వందల గ్రాముల పైచిలుకు. అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు కాంపాక్ట్ ధర వెయ్యి డాలర్లు, లెన్స్‌తో కలిపి డీఎస్‌ఎల్‌ఆర్ ఐదు వందలు.

కెమెరా కొనాలనుకునే ప్రతి కుటుంబంలోనూ, ప్రతి కాలేజీ కుర్రాడి బుర్రలోనూ పదేళ్ళకు పైగా నలిగిన ప్రశ్న ఇది: సూపర్‌జూమా, డీఎస్‌ఎల్‌ఆరా? షాపులో అడిగితే ఒక్కో సేల్స్‌మన్ ఒక్కో మాట చెప్తాడు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ప్రొఫెషనల్‌గా ఉంటుందని ఒకడంటాడు. జూమ్ ఉంటే అన్నీ ఉన్నట్టేనని ఇంకొకడంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. అయితే ఏ కెమెరా గొప్పది అన్న ప్రశ్నతో మొదలుపెడితే జవాబు దొరకదు. తీయబోయేది ఎంత దూరంలో ఉంది, దాని మీద ఎంత వెలుతురు పడుతోంది? ఈ రెండూ తేలితే మిగతాదంతా దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ముందు సెన్సర్ సంగతి. నికాన్ పీ900, పీ1000, కెనాన్ ఎస్‌ఎక్స్70 వంటి సూపర్‌జూమ్‌లలో ఉండే సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. కందిగింజ కన్నా ఏ కాస్తో పెద్దది. డీ3500లో ఉన్నది 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 వెడల్పు. వైశాల్యంలో పదమూడు రెట్లు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లైన 1500డీ, 200డీల సెన్సర్లు దానికన్నా కొద్దిగా చిన్నవి, అయినా సూపర్‌జూమ్ సెన్సర్‌కి పన్నెండు రెట్లుంటాయి. ఫొటోలో చీకటి ప్రాంతాలు ఎంత శుభ్రంగా వస్తాయన్నది, తెల్లచీర అంచూ కిటికీలోంచి పడే ఎండా కలిసిపోకుండా విడివిడిగా కనబడతాయా అన్నది, ఎక్కువ భాగం ఈ వైశాల్యం మీదే ఆధారపడి ఉంటుంది. పెట్టె మీద అచ్చేసిన మెగాపిక్సెళ్ళకు ఇందులో పాత్ర తక్కువ.

మరి అంత చిన్న సెన్సర్ ఎందుకు పెట్టారు? జూమ్ కోసమే. పీ1000 పెట్టె మీద 3000 ఎంఎం అని ఉంటుంది. అది పాత ఫిల్మ్ కెమెరా కొలతలోకి మార్చి చెప్పిన అంకె. లోపల ఉన్న లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 539 ఎంఎం. సెన్సర్ చిన్నది కాబట్టి ఆ 539తోనే అంత దూరాన్ని దగ్గరికి లాగగలుగుతుంది. అదే దగ్గరితనం డీ3500లో కావాలంటే 2000 ఎంఎం లెన్స్ కావాలి. అలాంటిది షాపులో దొరకదు. నికాన్ అమ్మిన 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్ ఒక్కటే 3,810 గ్రాములుంటుంది. దాని ధరతో మంచి కారు కొనుక్కోవచ్చు. అంటే సూపర్‌జూమ్‌కి శాపమూ ఆ చిన్న సెన్సరే, వరమూ అదే.

దీన్ని ఒక పిట్ట మీద లెక్కేసి చూస్తే బాగా అర్థమవుతుంది. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు, కైకలూరు దగ్గరి ఆటపాక, గుంటూరు పక్కన ఉప్పలపాడు లాంటి చోట్ల శీతాకాలంలో గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని చూడ్డానికి జనం కెమెరాలు మెడలో వేసుకుని వస్తారు. పక్షులు గట్టు మీదికి రావు. చెరువు నడుమ చెట్ల మీద ఉంటాయి. పెద్ద పక్షుల సంగతి అలా ఉంచి, ఒడ్డుకి ఇరవై మీటర్ల దూరంలో కర్ర మీద చిన్న లకుముకి పిట్ట వాలిందనుకుందాం. ముక్కు నుంచి తోక దాకా 17 సెంటీమీటర్లు. డీ3500తో పాటు వచ్చే 18-55 లెన్స్‌ని చివరిదాకా తిప్పినా ఆ పిట్ట ఫొటో వెడల్పులో రెండు శాతం దగ్గర ఆగిపోతుంది. ఆరు వేల పిక్సెళ్ళ బొమ్మలో పిట్టకి దక్కేవి నూట ఇరవై. అది లకుముకి అని గుర్తుపట్టగలం, అంతే. మరికొంత ఖర్చుపెట్టి 70-300 లెన్స్ కొంటే ఆరు వందల యాభై పిక్సెళ్ళ దాకా వస్తుంది. పీ900తో తీస్తే అదే పిట్ట ఫ్రేములో సగం వెడల్పు ఆక్రమిస్తుంది, సుమారు 2,260 పిక్సెళ్ళు. పీ1000తో అయితే ముప్పాతిక.

ఈ అంకెల్ని చూసి డీఎస్‌ఎల్‌ఆర్‌ని అవతల పారేయక్కర్లేదు. ఆ 2,260 పిక్సెళ్ళలో అన్నిటికీ సొంత సమాచారం ఉండదు. చివరి జూమ్ దగ్గర కాంతి లోపలికి వచ్చే రంధ్రం పీ900 లెన్స్‌లో ఎఫ్/6.5కి, పీ1000 లెన్స్‌లో ఎఫ్/8కి పడిపోతుంది (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). రంధ్రం అంత చిన్నదైతే కాంతి చెదిరి, ఒక్కో బిందువు పది మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. ఆ సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 1.3 మైక్రాన్లే. అంటే ఒక చుక్క ఏడెనిమిది పిక్సెళ్ళను కప్పేస్తుంది. ఈకల మీది సన్నని గీతలు ఎందుకు మెత్తబడి వస్తాయో, కెమెరాలో ఏ సెట్టింగ్ మార్చినా ఎందుకు బాగుపడవో ఇప్పుడు తెలిసిందిగా. అయినా సరే, నిలకడగా కూర్చున్న పిట్టకి, మంచి ఎండలో, సూపర్‌జూమ్‌దే గెలుపు. 650 పిక్సెళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా అవి 650 పిక్సెళ్ళే.

పిట్ట ఎగిరిందా, కథ తారుమారవుతుంది. పీ900 చివరి జూమ్ అయిన 2000 ఎంఎం దగ్గర కెమెరాకి అడ్డంగా కనబడేది ఆకాశంలో ఒక్క డిగ్రీ మేర. అందులోంచి జారిపోయిన కొంగను మళ్ళీ పట్టుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ఈ బాధ కంపెనీలకీ తెలుసు. అందుకే పీ900 లెన్స్ పక్కన ఒక బొత్తాం పెట్టారు. నొక్కి ఉంచితే జూమ్ వెనక్కి వెళ్ళి చుట్టుపక్కల చూపిస్తుంది, పక్షి దొరికాక వదిలేస్తే మళ్ళీ ముందుకొస్తుంది. తెలివైన ఏర్పాటే, కానీ కొంగ అంతసేపు ఆగదు. పైగా ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో కనబడేది క్షణంలో కొంత భాగం పాతది. ఏకబిగిన ఏడు ఫొటోలు తీశాక వాటిని కార్డులోకి ఎక్కించుకోవడానికి కెమెరా ఆగిపోతుంది. డీ3500 సెకనుకి ఐదే తీసినా అద్దంలోంచి నేరుగా కనబడుతుంది, ఫోకస్ చటుక్కున పట్టుకుంటుంది. ఎగిరే పక్షులు, కబడ్డీ ఆట, పరుగు పందెం, ఎడ్ల బళ్ళ పోటీ: కదిలేవాటికి మామూలు సూపర్‌జూమ్‌ని నమ్ముకోకూడదు.

చంద్రుడి విషయంలో మాత్రం సూపర్‌జూమ్‌కి తిరుగులేదు. పీ900 అమ్మకాలకి చంద్రుడే ప్రచారకర్త. 2015లో అది వచ్చిన కొత్తలో, వీధిలో నిలబడి జూమ్ చేస్తూ చేస్తూ చంద్రుడి మీది గుంటల దాకా వెళ్ళే వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. పీ1000లో అయితే పున్నమి చంద్రుడు ఫ్రేములో పట్టడు, పైనా కిందా కాస్త తెగుతుంది. భూమి బల్లపరుపుగా ఉందని వాదించేవాళ్ళు కూడా ఈ కెమెరాలనే మోసుకుని సముద్రతీరానికి వెళ్ళారు, దూరంగా మునిగిపోతున్నట్టు కనబడే ఓడల్ని జూమ్‌తో వెనక్కి తెస్తామని. ఓడల అడుగుభాగం వెనక్కి రాలేదు, వాళ్ళ నమ్మకమూ పోలేదు. కెమెరా పని అది చేసింది.

అయితే ఎంత జూమ్ ఉన్నా గాలిని దాటలేం. పులికాట్ సరస్సులో ఎండిన రేగడి నేల మీద మిట్టమధ్యాహ్నం వేడికి గాలి నీళ్ళలా కదులుతుంటే, అర కిలోమీటరు అవతలి రాజహంసలు ఏ లెన్స్‌లో చూసినా వణుకుతూనే కనబడతాయి. అప్పుడు కెమెరాని తిట్టి లాభం లేదు, పొద్దున్నే లేచి రావాలి.

ఇప్పుడు వెలుతురు తక్కువైన చోటికి వెళ్దాం. గృహప్రవేశాలు తెల్లవారుజామున, పెళ్ళి ముహూర్తాలు చాలావరకు రాత్రి. బడి వార్షికోత్సవంలో పిల్ల కూచిపూడి నాట్యం చేస్తుంటే స్టేజీ మీద ఎర్రదీపం, పచ్చదీపం మారుతుంటాయి. మన ఇళ్ళలో కెమెరా బయటికి తీసేది ఎక్కువగా ఇలాంటప్పుడే. ఇక్కడ సూపర్‌జూమ్ చేతులెత్తేస్తుంది. ఒకే ఎఫ్ నంబరు దగ్గర పెద్ద సెన్సర్‌కి దొరికే కాంతి పదమూడు రెట్లు ఎక్కువ. ఫొటోగ్రాఫర్ల లెక్కలో మూడున్నర స్టాపుల పైమాటే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఐఎస్‌ఓ 3200 దగ్గర నీటుగా వచ్చే ముఖం, సూపర్‌జూమ్‌లో నీళ్ళు పడ్డ రంగుల బొమ్మలా అలుక్కుపోతుంది. చేతి వణుకుని ఆపే స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు. అది ఆపేది తీసేవాడి వణుకుని, నాట్యం చేసే పిల్ల చెయ్యిని కాదు. సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచే రా ఫైలు ఇచ్చే సౌకర్యం కూడా పీ900కి లేదు. రంగుదీపాల కింద పసుపో నీలమో అయిన పెళ్ళికూతురి ముఖాన్ని తర్వాత సరిదిద్దుకునే వీలు రా ఫైలు ఉన్నప్పుడే ఎక్కువ. పీ1000లో, ఎస్‌ఎక్స్70లో అది ఇచ్చారు.

కానీ ఇందులో డీఎస్‌ఎల్‌ఆర్ పక్షం మాట్లాడేవాళ్ళు చెప్పని ముక్క ఒకటుంది. పెట్టెలో వచ్చే 18-55 లెన్స్ కూడా వెలుతురు తక్కువగా తీసుకునేదే. 55 దగ్గర అది ఎఫ్/5.6. పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభంలో కొంత ఈ లెన్సే తినేస్తుంది. ఆ లాభం పూర్తిగా చేతికి రావాలంటే ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొనాలి. కెనాన్‌కి 50 ఎంఎం ఎస్‌టీఎం, నికాన్‌కి 35 ఎంఎం డీఎక్స్: రెండూ ఈ కంపెనీలు అమ్మే చవకైన లెన్సుల్లోవే. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వస్తే కాంతి దాదాపు పది రెట్లు పెరుగుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నందుకు అసలు ఫలితం కనిపించేది ఇదిగో ఇప్పుడే. కొన్నవాళ్ళలో ఎంతమంది ఆ రెండో లెన్స్ దాకా వెళ్ళారు? చుట్టాలిళ్ళలో బీరువా పైన బ్యాగుల్లో పడి ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లను తీసి చూడండి. చాలా వాటికి ఉన్నది 18-55 ఒక్కటే.

లెన్స్ కొనేటప్పుడు ఇంకో చిక్కు. నికాన్ డీ3000 వరుస కెమెరాల బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ చవకగా వచ్చిందని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని ఉన్నవి తీసుకోవాలి; ఏఎఫ్-పీ లెన్సులు ఈ వరుసలోని పాత కెమెరాల్లో ఫోకస్ చేయవు. కెనాన్ ఇంకోచోట పొదుపు చేసింది. 3000డీలో లెన్స్ బిగించే రింగు ప్లాస్టిక్‌ది. 200డీ మార్క్ 2లో ఫ్లాష్ తగిలించే చోట మధ్య పిన్ను తీసేసింది, దాంతో బయటి కంపెనీల చవక ఫ్లాష్‌లు చాలావరకు దానిమీద వెలగవు. వీడియోకని కొనేవాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగాలి. డీ3500లో బయటి మైకు పెట్టుకునే సాకెట్ లేదు, 4కే వీడియో లేదు. పీ1000లో రెండూ ఉన్నాయి. యూట్యూబ్ ఛానల్ పెడదామని డీఎస్‌ఎల్‌ఆర్ కొని, తర్వాత మైకు ఎక్కడ గుచ్చాలో తెలియక తలపట్టుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. చాలామంది దుకాణదారులు అది చూపించరు. ఒక అంగుళం అని పిలిచే సెన్సర్ 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు ఉంటుంది. మామూలు సూపర్‌జూమ్ సెన్సర్‌కి నాలుగు రెట్లు. పానసోనిక్ 2014లో ఎఫ్‌జడ్1000 తెచ్చింది, 25 నుంచి 400 ఎంఎం దాకా, చివర్లోనూ ఎఫ్/4. సోనీ 2017లో తెచ్చిన ఆర్‌ఎక్స్10 మార్క్ 4 అయితే 600 ఎంఎం దాకా వెళ్ళినా ఎఫ్/4 దగ్గరే నిలబడుతుంది, సెకనుకి 24 ఫొటోలు తీస్తుంది, ఎగిరే పక్షిని కూడా వదలదు. సూపర్‌జూమ్ మీద పైన చెప్పిన ఫిర్యాదుల్లో సగం దీనికి వర్తించవు. ధర మాత్రం ఎంట్రీ లెవెల్ మాటని మరిపిస్తుంది, వచ్చినప్పుడు అమెరికాలోనే 1,700 డాలర్లు. చిన్న సెన్సర్లలో కూడా పానసోనిక్ 2012 నాటి ఎఫ్‌జడ్200 ఒక మినహాయింపు. 600 ఎంఎం దాకా ఎఫ్/2.8 నిలబెట్టుకుంది. జూమ్ అంకె 24 మాత్రమే కావడంతో 50, 60 అంకెలు చూసి కొనే కాలంలో దానికి రావలసినంత పేరు రాలేదు.

ఇదంతా పాత చర్చ కదా, ఇప్పుడు ఫోన్లున్నాయిగా అనేవాళ్ళుంటారు. నిజమే, ఫోన్లే ఈ మార్కెట్‌ని మింగేశాయి. జపాన్ కెమెరా తయారీదార్ల సంఘం సీపా లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీలు దాటాయి. 2020కి ఆ సంఖ్య 90 లక్షల లోపుకి పడిపోయింది. మొదట పోయినవి జేబు కెమెరాలు. తర్వాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల వంతు వచ్చింది. డీ3500 తర్వాత ఆ వరుసలో నికాన్ ఇంకోటి తేలేదు, దాన్నీ ఆపేసింది. కెనాన్ కూడా కొత్తవాళ్ళని ఆర్100, ఆర్50 అనే అద్దం లేని, అంటే మిర్రర్‌లెస్, కెమెరాల వైపు మళ్ళించింది. విచిత్రమేమంటే సూపర్‌జూమ్ పూర్తిగా చావలేదు. 2025 ఫిబ్రవరిలో నికాన్ పీ1100 ప్రకటించింది. లెన్స్ అదే, సెన్సర్ అదే, చెప్పుకోదగ్గ మార్పు యూఎస్‌బీ-సీ సాకెట్. అయినా కొనేవాళ్ళు ఉంటారన్నది కంపెనీ లెక్క. ఎందుకంటే ఫోన్ ఇంకా చేయలేని పని అదే. శాంసంగ్ ఎస్21 అల్ట్రాలో ఉన్న పదింతల ఆప్టికల్ లెన్స్ 240 ఎంఎం దగ్గర ఆగుతుంది. ఆ పైన వంద రెట్లు అని రాసేదంతా సాఫ్ట్‌వేర్ చలవ. 2023లో ఒకాయన కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, తెర మీద లేని వివరాలు ఫొటోలో వచ్చాయి. సూపర్‌జూమ్ మసక బొమ్మని మసకగానే చూపిస్తుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌ల తయారీ తగ్గడంతో సెకండ్ హ్యాండ్ కొనేవాడికి మంచి రోజులొచ్చాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల, ఆన్‌లైన్‌లోనూ, మిర్రర్‌లెస్‌కి మారినవాళ్ళ పాత బాడీలు, లెన్సులు వస్తూనే ఉన్నాయి. కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే అప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్నది, అడగాలి. డీ3300 తరహా కెమెరాల షట్టర్‌ని నికాన్ లక్ష ఫొటోల దాకా పరీక్షించి అమ్మింది. పెళ్ళిళ్ళకి తిరిగిన కెమెరా అయితే ఆ అంకె దగ్గర్లో ఉంటుంది, ఇంట్లో వాడినదైతే పది వేలు కూడా దాటి ఉండదు. లెన్స్‌ని లైటుకి ఎదురుగా పెట్టి లోపల సాలెగూడులాంటి పోగులున్నాయేమో చూడాలి. అది ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్ళ నుంచి వచ్చిన లెన్సుల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోవాలి.

సెకండ్ హ్యాండ్ సూపర్‌జూమ్ జోలికి మాత్రం అంత ధైర్యంగా వెళ్ళలేం. జూమ్ చేసిన ప్రతిసారీ గొట్టం ముందుకీ వెనక్కీ కదులుతూ గాలిని, గాలితో పాటు దుమ్మునీ లోపలికి లాక్కుంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ మీద దుమ్ము పడితే లెన్స్ తీసి రబ్బరు బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. సూపర్‌జూమ్‌లో పడితే కెమెరా మొత్తం విప్పాలి. జూమ్ మోటారు పాడైతే రిపేరు ఖర్చు చూసి చాలామంది ఆ కెమెరాని అక్కడే వదిలేస్తారు. దీన్ని కొంటే కొత్తది, బిల్లుతో, వారంటీ కార్డుతో కొనాలి.

ఇక ఎవరు ఏది కొనాలి? పక్షులు, చంద్రుడు, టైగర్ రిజర్వ్‌లో జీపు ఎక్కి చూసే జంతువులు, కొండ మీది గుడి గోపురంపై శిల్పాలు: మీకు కావలసినవి ఇవైతే, పగటిపూటే తీస్తానంటే, సూపర్‌జూమ్ కొనండి, పశ్చాత్తాపం ఉండదు. బ్యాగులో రెండో లెన్స్ మోయక్కర్లేదు, ప్రయాణంలో దుమ్ములో లెన్స్ మార్చక్కర్లేదు. ఇంట్లో పిల్లలు, పెళ్ళిళ్ళు, స్టేజీ కార్యక్రమాలు, మనుషుల ముఖాలు కావాలంటే, ఫొటోగ్రఫీని పద్ధతిగా నేర్చుకోవాలని ఉంటే, పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, దానికో ఎఫ్/1.8 లెన్స్. కొత్త ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఇవాళ పూర్తి ధర పెట్టడం అనవసరం. ఆ డబ్బుంటే మిర్రర్‌లెస్ చూడండి, లెన్సులు ఇకముందు వచ్చేది వాటికే. 18-55 తప్ప ఇంకో లెన్స్ కొనే ఉద్దేశమే లేనివాళ్ళు డీఎస్‌ఎల్‌ఆర్ మాట మరిచిపోవడం మేలు. ఆ పనికి చేతిలో ఉన్న ఫోన్ సరిపోతుంది.